దవడ దెబ్బకి పళ్ళ డాక్టరు దగ్గరికా?

మీ బావగారు నాలుగు రోజుల కిందట బండి మీంచి పడ్డారని, గడ్డం కింద కుట్లు వేసి పంపేశారని, ఇప్పుడు నోరు సరిగ్గా తెరుచుకోవట్లేదని, అమలాపురం చుట్టుపక్కల దవడ ఎముకలు చూసే డాక్టర్ని ఎలా వెతకాలని అడిగారు. మా తమ్ముడికి అచ్చం ఇలాగే అయింది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ముందు బావగారిని మెల్లగా నోరు మూయమని, పళ్ళు ఎప్పటిలాగే కలుస్తున్నాయో లేదో అడగండి. కలవకపోతే దవడ విరిగి ఉండొచ్చు. మావాణ్ణి ఈ మాట ఐదు రోజులపాటు ఎవరూ అడగలేదు.

అప్పుడు దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు. రోడ్డుకి సగం మేర ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేర్చే సంగతి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రి రావులపాలెం నుంచి వస్తూ మావాడు ఆ రాయి మీదకి ఎక్కించేశాడు. చేతులు ఆనించే వ్యవధి కూడా లేదు, గడ్డం నేరుగా తారు మీద పడింది. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌లో టీటీ ఇంజెక్షన్, ఐదు కుట్లు, మాత్రలు. ఎక్స్‌రే తీసి ఏం లేదన్నారు, వాపు తగ్గితే నోరు అదే తెరుచుకుంటుందన్నారు. మేమూ నమ్మేశాం. మూడో రోజు అమ్మ ఇడ్లీ పెడితే కొరకలేకపోయాడు. నొప్పికేమో అనుకున్నాం. తీరా చూస్తే వెనక దంతాలు ఆనుతున్నాయి గానీ ముందుపళ్ళు కలవట్లేదు, ఆ సందులోంచి నాలుక కనబడుతోంది. చెవి ముందు వేలు పెడితే కెవ్వుమన్నాడు.

గడ్డానికి దెబ్బ తగిలితే ఆ అదురు దవడ పొడుగునా పోయి రెండు చెవుల ముందు, కీలు దగ్గర, ఎముక సన్నగా ఉన్నచోట తేలుతుందట. అంటే కుట్లు ఒకచోట, విరిగింది ఇంకోచోట. మామూలు ఎక్స్‌రేలో అక్కడ ఎముక మీద ఎముక పడి సరిగ్గా కనబడకపోవచ్చు. దవడ మొత్తం ఒకే ఫిల్ములో వచ్చే ఓపీజీ తీయించాలి, అనుమానం మిగిలితే సీటీ. మావాడికి గడ్డం మధ్యలో సన్నటి చీలిక, రెండు చెవుల దగ్గరా విరిగినట్టు సీటీలో తేలింది.

ఇక ఏ డాక్టరు అన్నది. మేం ముందు ఎముకల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన మర్యాదగా "ఇది నా పని కాదండి, మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌కి చూపించండి" అన్నారు. ఆ మాట పలకడమే మాకు రాలేదు. తీరా చూస్తే అది దంతవైద్యంలో ఒక శాఖ. "ఎముక విరిగితే పళ్ళ డాక్టరు దగ్గరికేంట్రా" అని మా మేనమామ ఒకటే గొడవ. పళ్ళ డాక్టరు చదువు బీడీఎస్ అయ్యాక మూడేళ్ళు పై చదువు ఎండీఎస్‌లో ఇదే చదువుతారు. దవడ, బుగ్గ ఎముకలు, లోపల ఇరుక్కున్న జ్ఞానదంతాలు, గుట్కా వల్ల నోరు బిగుసుకుపోయేవాళ్ళు, అందరూ వీళ్ళ దగ్గరికే. బోర్డు మీద ఉత్త ఎండీఎస్ చూసి వెళ్ళిపోకండి. క్లిప్పులు వేసేవాళ్ళదీ, చిగుళ్ళు చూసేవాళ్ళదీ కూడా ఎండీఎస్సే. ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీ అని ఉందో లేదో అడగండి. ప్లాస్టిక్ సర్జన్లు కూడా ఈ ఆపరేషన్లు చేస్తారు, దగ్గర్లో మంచివారుంటే అదీ తప్పేం కాదు.

వెతకడానికి నా లెక్కలో సులువైన దారి డెంటల్ కాలేజీ. అమలాపురంలోనే కిమ్స్ డెంటల్ కాలేజీ ఉంది, భీమవరంలో విష్ణు, రాజమండ్రి దాటితే రాజానగరం వైపు జీఎస్ఎల్, లెనోరా. పొద్దున్నే ఓపీకి వెళ్ళి ఓరల్ సర్జరీ విభాగం అని చెప్పండి. ఓపీజీ, పరీక్ష అదే పూట అయిపోతాయి. స్టూడెంట్లు చూస్తారని భయపడేవాళ్ళున్నారు. చూస్తారు, కానీ పక్కన ప్రొఫెసర్ ఉంటారు. మావాడి పళ్ళు కలవట్లేదని కాగితం మీద మొదట రాసింది ఒక పీజీ అమ్మాయే.

ప్రైవేటుగా చూపించుకుంటే మనవైపు సర్జన్లు వారంలో ఒక్కోరోజు ఒక్కో ఊళ్ళో చూస్తుంటారు. అందుకని ఇలాంటి దవడలు ఎన్ని చేశారు, ఆపరేషన్ ఎక్కడ చేస్తారు, మత్తు డాక్టరు ఎవరు, తర్వాత అర్ధరాత్రి ఇబ్బందొస్తే ఎవరికి ఫోన్ చేయాలి అని మొహమాటం లేకుండా అడగండి. ప్లేట్లు, స్క్రూల ఖర్చు వేరుగా వేస్తారేమో కూడా. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే ఆ ఆసుపత్రిలో దీనికి వర్తిస్తుందో లేదో అక్కడ ఆ పథకం చూసేవాళ్ళని ముందే కనుక్కోండి. ఇంకోటి, యాక్సిడెంట్ కేసని మొదటి ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు అని రాసుకునే కాగితం) రాయించారా? మేం రాయించలేదు, ఇన్సూరెన్సు దగ్గర నానా తిప్పలు పడ్డాం.

మావాడికి గడ్డం దగ్గర టైటానియం ప్లేట్లు వేశారు. చెవుల దగ్గర కోయలేదు, పళ్ళకి సన్నటి స్టీలు బద్దీలు కట్టి పైవీ కిందవీ రబ్బర్లతో బిగించారు. మత్తు గొట్టం ముక్కులోంచి పెట్టారు, పళ్ళు సరిగ్గా కలిశాయో లేదో చూసుకోవడానికి నోరు ఖాళీగా ఉండాలి కదా. వాంతి వస్తే వెంటనే రబ్బర్లు తెంచమని చెప్పారు. అమ్మ చిన్న కత్తెరకి దారం కట్టి మంచం కోడుకి వేలాడదీసింది. రెండు వారాలు రాగిజావ, మజ్జిగ, పప్పుకట్టు, వడగట్టిన చేపల పులుసు. ఆరు కిలోలు తగ్గాడు.

రబ్బర్లు తీశాక వ్యాయామం ఉంటుంది, దాన్ని బద్ధకిస్తే కీలు బిగుసుకుపోతుంది. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకోవాలి. మొదటిరోజు ఐదు పట్టాయి. తిట్టుకుంటూనే రోజుకో పుల్ల పెంచాడు. ఎవరి వేళ్ళు వాళ్ళవి మూడు నిలువుగా నోట్లో పడితే తెరుచుకోవడం బాగున్నట్టేనని డాక్టరుగారు కొలత చెప్పారు.

మీకు ఇంకా టైముంది. రెండు మూడు వారాలు దాటితే ఎముక వంకరగా అతుక్కుంటుంది, అప్పుడు సరిచేయడం పెద్ద పని. బావగారికి వాంతులు, మగత ఉన్నా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారుతున్నా ఇవన్నీ పక్కనపెట్టి తలకి సీటీ తీసేచోటికి ఇప్పుడే తీసుకెళ్ళండి. అవేమీ లేకపోతే రేప్పొద్దున్నే ఓపీకి బయల్దేరండి, పాత ఎక్స్‌రే, కుట్లు వేసినచోట ఇచ్చిన చీటీ మర్చిపోకండి. పళ్ళు కలుస్తున్నాయో లేదో ఈ రాత్రే చూసి ఇక్కడ రాయండి.