మోనోఫిన్ కొనడానికి తొందరపడకండి, ముందు ఛాతీతో ఈదడం నేర్చుకోండి

అండమాన్‌లో ఫ్రీడైవింగ్ (ఒకే ఊపిరితో లోతుకు దిగే ఈత) కోర్సు చేసి, కాలికొకటిగా తొడిగే జంట ఫిన్లతో 20 మీటర్ల వరకు దిగాననీ, ఇక రెండు పాదాలకూ కలిపి ఒకే వెడల్పాటి బ్లేడు ఉండే మోనోఫిన్ నేర్చుకోవాలని ఉందనీ రాశారు. ఏది కొనాలి, హైదరాబాద్‌లో మీ అపార్ట్‌మెంట్ ఈతకొలనులో వీడియోలు చూస్తూ ఒక్కరే నేర్చుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: ఒక్కరే వద్దు. కారణం తర్వాత రాస్తాను. మొదటిదానికి మాత్రం కాస్త ఓపిగ్గా చదవాలి. వరస తప్పి ముందుగా కొనేయడం వల్ల నేను ఒక చలికాలం మొత్తం పోగొట్టుకున్నాను.

మాది భీమిలి. ఉద్యోగం దుబాయ్‌లో. ఏటా చలికాలంలో సెలవు పెట్టి ఈజిప్టులోని దహబ్ వెళ్తాను. అక్కడి బ్లూ హోల్ అనే లోతైన సముద్రపు గుంతలో దిగడానికి పడవ అవసరం లేదు. ఒడ్డు నుంచి కొద్ది దూరం ఈదితే చాలు, కాళ్ల కింద దాదాపు 100 మీటర్ల లోతు ఉంటుంది. నీటిపై తేలే బోయకు కట్టిన తాడు పట్టుకుని రోజుకు నాలుగైదు సార్లు దిగవచ్చు. జంట ఫిన్లతో 30 మీటర్లు దాటాక నాకూ మీలాగే మోనోఫిన్ మీదికి మనసు మళ్లింది. ఇప్పుడు దానితో 42 మీటర్లు తేలిగ్గా దిగి వస్తున్నాను.

నేను మొదట కొన్నది ఒక పోటీ ఈతగాడు వాడి అమ్మేసిన ఫైబర్‌గ్లాస్ మోనోఫిన్. గట్టి బ్లేడు, బిగుతు పాదం తొడుగులు. మోనోఫిన్ పుట్టింది ఫ్రీడైవింగ్ కోసం కాదు, నీటి మీద వేగంగా ఈదే ఫిన్ స్విమ్మింగ్ కోసం. 1970ల మొదట్లో సోవియట్ ఈతగాళ్ల చేతుల్లో అది రూపుదిద్దుకుంది. నిమిషంలోపు ముగిసే పందేనికి తయారైన ఫిన్‌ను గంటసేపు తొడుక్కుని నీళ్లలో ఉండాలనుకోవడం నా తప్పు. పది నిమిషాలకు చిటికెన వేళ్లు మొద్దుబారేవి. ఒకరోజు 18 మీటర్ల నుంచి పైకి వస్తుండగా కుడి అరికాలు కొంకర్లు పోయింది. రెండు పాదాలూ ఒకే బ్లేడుకు బిగుసుకుని ఉన్నాయి, ఒక కాలిని విదిలించుకునే వీలు లేదు. తాడు అందుకుని చేతులతో పైకి పాకాను. పక్కన తోడు డైవర్ ఉండబట్టి భయం వేయలేదు. ఆ ఫిన్‌ను మళ్లీ తొడుక్కోలేదు.

అందుకే ముందుగా ఏ ఫిన్నూ లేకుండా చేయాల్సిన పని చెబుతాను. గోడకు ఎదురుగా ఒక జానెడు దూరంలో నిలబడండి. చేతులు రెండూ తలపైకి చాచి, ఒక అరచేతి మీద మరో అరచేయి పెట్టి, పై చేతి బొటనవేలితో కింది చేతిని లాక్ చేయండి. ఇప్పుడు ముందు ఛాతీని గోడకు తాకించండి. ఛాతీ వెనక్కి వస్తుండగా పొట్ట తాకాలి, పొట్ట వెనక్కి వస్తుండగా తుంటి, ఆ తర్వాత తొడలు. మోకాళ్లు దాదాపు కదలకూడదు. ఇది చూడటానికి సులువు. నాకు మాత్రం ఛాతీనీ పొట్టనూ విడివిడిగా కదపడానికి మూడు వారాలు పట్టింది. కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ముందు పనిచేసే మనబోటి వాళ్లకు వీపు పై భాగం, భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి. చేతులు చెవుల వెనక్కి వెళ్లవు. అలాంటి శరీరంతో నీళ్లలోకి దిగితే అల నడుములో పుడుతుంది, నడుము నొప్పి వస్తుంది. రోజూ పది నిమిషాలు తలుపు చట్రం పట్టుకుని భుజాలు సాగదీయండి. ఏ ఫిన్ కొన్నా ఇంత లాభం రాదు.

తర్వాత కొలనులో ఫిన్ లేకుండానే డాల్ఫిన్ కిక్, అంటే రెండు కాళ్లూ కలిపి అలలా కొట్టడం. బటర్‌ఫ్లై ఈత వచ్చినవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. బటర్‌ఫ్లైలో కిక్కు పెద్దది, మోకాలు బాగా మడుస్తాం. మోనోఫిన్‌తో మోకాలు మడిస్తే పిక్కలు నీటికి అడ్డుపడతాయి, బ్లేడు వంగకుండా వెనక్కి జారిపోతుంది. దహబ్‌లో నాకు నేర్పిన ఆవిడ నీళ్లలో నా పక్కనే ఈదుతూ ఛాతీ కింద తన అరచేయి పెట్టింది. ప్రతి అలకూ ఛాతీ ఆ చేతిని తాకి రావాలి, అంతకంటే లోతుకు పోకూడదు. అంటే కదలిక పైనుంచి మొదలవాలి, కానీ చిన్నదిగా ఉండాలి. ఛాతీ దగ్గర పుట్టిన చిన్న అల కిందికి పోయేకొద్దీ పెరిగి బ్లేడు దగ్గర పెద్దదవుతుంది. అది ఒంటికి తెలిసిన రోజున తన్నుతున్నామనే భావన పోతుంది. ఎవరో వెనకనుంచి మెత్తగా తోస్తున్నట్టు ఉంటుంది.

చాలామంది మరిచిపోయేది పైకి వచ్చే కిక్కు. కిందికి కొట్టడం తొడ ముందు కండరాల పని, అది అందరికీ వస్తుంది. కాళ్లను వెనక్కి ఎత్తే పని పిరుదులు, తొడ వెనక కండరాలు చేయాలి. అవి బద్ధకిస్తే సగం కిక్కే పనిచేస్తుంది, లోతులో శరీరం తాడు నుంచి పక్కకు వాలిపోతుంది. వెల్లకిలా ఈదుతూ అదే కిక్కు సాధన చేస్తే ఈ లోపం త్వరగా పోతుంది. తల విషయం ఒక్క మాట: ముందుకు చూడకండి. కొలనులో అడుగును, సముద్రంలో ఎదురుగా ఉన్న తాడును చూడండి. గడ్డం ఎత్తారంటే అల మెడ దగ్గరే విరిగిపోతుంది.

మెరుగుపడుతున్నామో లేదో తెలుసుకోవడానికి నేను కిక్కులు లెక్కపెడతాను. మొదట్లో 25 మీటర్ల కొలను దాటడానికి నాకు 15 కిక్కులు పట్టేవి. ఇప్పుడు గోడను తన్ని జారాక ఏడు సరిపోతున్నాయి. 2016లో ఫిన్లాండ్‌లోని తుర్కులో ఫ్రీడైవర్లు మతేయుష్ మలీనా, యోర్గోస్ పనగియోతాకిస్ ఒకే ఊపిరితో కొలనులో చెరి 300 మీటర్లు ఈదారు. అంత దూరం కాళ్ల బలంతో వచ్చేది కాదు. ప్రతి కిక్కు తర్వాతా శరీరం ఎంత నిటారుగా జారుతుందో దాన్నిబట్టి వస్తుంది. వారానికోసారి పక్కనుంచి నీటి అడుగున వీడియో తీయించుకోండి. మనం అనుకునేదానికీ తెరపై కనిపించేదానికీ చాలా తేడా ఉంటుంది.

ఇక కొనే విషయం. నేల మీద కాళ్లు చాపి కూర్చుని పాదాలను ముందుకు వీలైనంత వంచండి. బొటనవేలు నేలకు దగ్గరగా వచ్చిందంటే మీ చీలమండలు వదులుగా ఉన్నట్టు. చాలామందికి ఒక జానెడు ఎత్తులో ఆగిపోతుంది. అలాంటివారు చదునుగా ఉండే పాతకాలపు మోనోఫిన్ తొడిగితే బ్లేడు కాళ్ల వరసలోకి రాదు, ఈదుతున్నంత సేపూ బ్రేకు వేసినట్టే. హైపర్ రకం మోనోఫిన్లలో పాదం తొడుగు బ్లేడుకు కొంత కోణంలో అమర్చి ఉంటుంది. పాదం పూర్తిగా వంగకపోయినా బ్లేడు కాలి వరసలో నిలుస్తుంది. ఫ్రీడైవింగ్‌కు అదే తీసుకోండి.

బ్లేడు కంటే పాదం తొడుగుకే నేను ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాను. మడమ వదులైతే ప్రతి కిక్కుకూ పాదం లోపల జారి బలం వృథా అవుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది. బిగుతైతే నాకు జరిగిందే జరుగుతుంది. రెండు పాదాలూ సాయంత్రం పూట, నిలబడి, పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో కొలవండి. పెద్ద పాదం కొలతనే లెక్కలోకి తీసుకోండి. చలి నీళ్లలో పలచని నియోప్రీన్ సాక్సులు వేసుకుంటారు కాబట్టి సాక్సులు వేసుకునే కొలవండి. ఫిన్ చేతికి వచ్చాక మొదటిరోజే లోతుకు వెళ్లకండి. కొలను గట్టు మీద కూర్చుని, ఫిన్ తొడుక్కుని, పాదాలు నీళ్లలో పెట్టి 20 నిమిషాలు ఉండండి. తీశాక వేళ్లు తెల్లబడి ఉన్నా, పాదం పక్కన లోతుగా గాడి పడినా ఆ సైజు మీది కాదు. తొడుక్కునేటప్పుడు సబ్బు నీళ్లు రాసుకుంటే సులువుగా ఎక్కుతుంది. బ్లేడును పట్టుకుని లాగకండి, తొడుగు మడమ అంచును లాగండి.

గట్టిదనం విషయంలో దొరికేవాటిలో మెత్తని దానితో మొదలుపెట్టండి. మెత్తని బ్లేడు తప్పును వెంటనే చూపిస్తుంది. మోకాలితో తన్నితే అది వేగం ఇవ్వదు. గట్టి బ్లేడు అదే తప్పును కండబలంతో దాచేస్తుంది, కాళ్లు బరువెక్కాక గాని తెలియదు. పైగా గట్టి బ్లేడు ఆక్సిజన్‌ను త్వరగా తినేస్తుంది. మొదటి ఫిన్‌కు ఫైబర్‌గ్లాస్ చాలు, కార్బన్ అక్కరలేదు. మోల్చనోవ్స్, ఎస్టోనియాకు చెందిన లీడర్‌ఫిన్స్, యుక్రెయిన్‌కు చెందిన స్టార్‌ఫిన్స్ వంటి కంపెనీలు ఫ్రీడైవర్లలో పేరున్నవే. మంచిది కొనాలంటే 40 వేల రూపాయలు దాటుతుంది. కాబట్టి ముందు అద్దెకు తీసుకుని రెండు మూడు రకాలు తొడిగి చూడండి. పిల్లల కోసం అమ్మే జలకన్య తోకలు ఆటకు బాగుంటాయి, లోతుకు పనికిరావు.

కొలను సాధనకు మెడ బరువు కూడా అవసరమవుతుంది. నిండు ఊపిరితో శరీరం పైకి తేలుతుంది కాబట్టి ఛాతీ లోతులో నిలవదు. సైకిల్ ట్యూబులో సీసపు గుళ్లు నింపి నేనే ఒకటి చేసుకున్నాను. నాకు 2 కిలోలు సరిపోయాయి, మీకు ఎంత కావాలో అర కిలో చొప్పున పెంచి చూసుకోండి.

సముద్రంలో మోనోఫిన్‌తో అసలు ఇబ్బంది కాళ్ల దగ్గర కాదు, చెవుల దగ్గర. జంట ఫిన్లతో ఒక చేత్తో ముక్కు పట్టుకుని, చెవుల్లో ఒత్తిడి సరిచేసుకుంటూ దిగడం మీకు అలవాటే. మోనోఫిన్‌తో ఒళ్లంతా అలలా కదులుతుంటే ఆ కుదుపుకు గొంతు బిగుసుకుని చెవులు తెరుచుకోవు. పైగా ఊపిరితిత్తుల్లోని గాలి 10 మీటర్ల దగ్గరే సగానికి కుదించుకుపోతుంది, కాబట్టి ఆ పైభాగంలోనే చెవులు చాలాసార్లు సరిచేసుకోవాలి. సరిగ్గా అక్కడే కిక్కులూ బలంగా ఉండాలి. నేను కొన్ని వారాలు మోనోఫిన్ తొడుక్కునే తాడు పట్టుకుని చేతులతో దిగి, పైకి మాత్రం కిక్కుతో వచ్చాను. చెవులు కుదురుకున్నాక దిగేటప్పుడూ కిక్కు మొదలుపెట్టాను. కొందరు ముక్కు క్లిప్పు పెట్టుకుని రెండు చేతులూ చాచి దిగుతారు. అది తర్వాతి సంగతి, ఇప్పుడే వద్దు.

ఇప్పుడు ఒంటరి సాధన గురించి. 2009లో ఎర్ర సముద్రంలో మోనోఫిన్‌తో 101 మీటర్లు దిగి, 100 మీటర్లు దాటిన మొదటి మహిళ నతాలియా మోల్చనోవా. ఆమె 2015 ఆగస్టు 2న స్పెయిన్‌లోని ఫొర్మెంతేరా దీవి దగ్గర నీటిలోకి దిగి తిరిగి రాలేదు. అంతటి డైవర్‌కే అలా జరిగింది. అపార్ట్‌మెంట్ కొలను లోతు మీటరున్నరే కదా అనుకోకండి. ఊపిరి బిగపట్టి స్పృహ తప్పినవారికి ఆ లోతు చాలు. ముందస్తు హెచ్చరిక ఏమీ ఉండదు, హాయిగా అనిపిస్తుండగానే స్పృహ పోతుంది. దిగే ముందు గబగబా ఊపిరి తీసి వదిలితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఊపిరి తీసుకోవాలన్న తపన ఆలస్యమవుతుంది గాని ఆక్సిజన్ పెరగదు. కొలను కాపలాదారుడు తోడు డైవర్ కాడు. మీకు కావలసింది స్పృహ తప్పినవారిని ఎలా పైకి తేవాలో కోర్సులో నేర్చుకున్న మనిషి. అతను కూడా ఫిన్లు వేసుకుని ఉండాలి. మోనోఫిన్‌తో మీరు ఒక్క కిక్కుకు పోయే దూరాన్ని ఉత్త కాళ్లతో ఎవరూ అందుకోలేరు.

సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు రుషికొండ దగ్గర ప్రయత్నిద్దామన్న ఆలోచన కూడా పెట్టుకోకండి. నేను ఆ తీరంలోనే పెరిగాను. ఒడ్డున విరిగే కెరటం, వెనక్కి లాగే నీరు, మసక నీళ్లలో రెండు కాళ్లూ కట్టేసుకుని దిగడం ప్రాణాంతకం. మోనోఫిన్‌కు కెరటాలు లేని నీరు, తాడు, బోయ, తోడు నాలుగూ ఉండాలి.

పాదాల కొలతలు, మీ బరువు, బొటనవేలు నేలకు ఎంత ఎత్తులో ఆగుతోందో రాయండి. నా దగ్గర మూడు రకాల గట్టిదనం ఉన్న బ్లేడులు వాడిన అనుభవం ఉంది, దేనితో మొదలుపెట్టాలో చెబుతాను.