మిషన్ వాపసు ఇవ్వకు, మిక్సీ జార్ పక్కన పెట్టు

అమ్మలూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. కొత్త ఎస్ప్రెసో మిషన్ ధగధగలాడిపోతోంది. కాఫీ దిగిన తీరు చూస్తేనే నవ్వొచ్చింది. కుళాయి విప్పినట్టు పది సెకన్లకే కప్పు నిండిపోయింది. పుల్లగా ఉంది, మిషన్ వాపసు ఇచ్చేయనా మామయ్యా అని అడిగావు. తొందరపడకు. వీడియోలో ఓ మూల, గట్టు మీద మిక్సీ చిన్న జార్ కనిపించింది నాకు. తేడా అక్కడుంది.

నేనూ అక్కడే బోల్తా పడ్డాను. రిటైరైన కొత్తలో డబ్బంతా మిషన్ మీద పోసి, గింజలు పొడి చెయ్యడానికి మళ్ళీ ఇంకో వస్తువా అనుకున్నాను. మీ అత్తయ్య ధనియాలు కొట్టే జార్‌లోనే తిప్పేవాణ్ణి. మూడు నెలలు అదే తాగాం. ఒకే గుక్కలో పులుపూ చేదూ రెండూ, పైన కాస్త ధనియాల వాసన. ఒకరోజు మీ అత్తయ్య కప్పు పక్కన పెట్టి, 'ఆ తాలింపు కూడా పెట్టకపోయారా' అంది.

నీ మిక్సీ పొడి ఓ చెంచా తెల్లకాగితం మీద పోసి వేలితో పరిచి చూడు. కొంత ముఖానికి రాసుకునే పౌడరులా ఉంటుంది, కొంత బొంబాయి రవ్వలా, మధ్యమధ్య పలుకులు. బ్లేడు గింజని నరుకుతుంది. ఏ ముక్క ఎన్నిసార్లు బ్లేడుకి తగిలిందో దానికే తెలియదు. నీళ్లు బరక పొడిలోంచి పులుపు మాత్రం తీసుకుని దాటిపోతాయి, మెత్తటి పొడిలోంచి చేదుతో సహా ఊడ్చుకొస్తాయి. మన ఫిల్టర్‌లో ఈ గొడవ అంతగా బయటపడదు. డికాక్షన్ తీరిగ్గా చుక్కచుక్కగా దిగుతుంది. ఎస్ప్రెసోలో నీళ్లు 9 బార్ ఒత్తిడితో వస్తాయి. నీ కారు టైరులో గాలి ఉంటుందే, దానికి దాదాపు నాలుగింతలు. 1901లో ఇటలీలోని మిలాన్‌లో బెజ్జెరా అనే ఆయన పేటెంట్ తీసుకున్న మిషన్ ఆవిరి ఒత్తిడితోనే నడిచేది. 1940ల చివర్లో గాజియా అనే ఇంకో ఇటలీ ఆయన చేసిన, చేత్తో పిడి లాగే లీవర్ మిషన్లు వచ్చాకే ఇంత ఒత్తిడీ, పైన ఆ బంగారు రంగు నురగా వచ్చాయి. అంత ఒత్తిడిని పాతిక ముప్పై సెకన్లు ఆపాల్సింది పొడే. ఎక్కడ వదులుగా ఉంటే అక్కడ నీళ్లు సందు చేసుకుని పారిపోతాయి.

అందుకని బర్ గ్రైండర్ కొను. తిరగలి చూశావుగా, అదే సూత్రం. పళ్ళున్న రెండు ఉక్కు చక్రాలు, వాటి మధ్య సందు ఎంతో పొడి అంత. రోజుకి రెండు కప్పులే కాబట్టి చేత్తో తిప్పేది చాలు. షాపువాడు 'అన్నిటికీ పనికొస్తుందండీ' అంటాడు, నాకూ ఒకడు అలాగే అంటగట్టాడు. ఆ సందు పెంచడానికీ తగ్గించడానికీ మెట్లుంటాయి, మెట్టుమెట్టుకీ తేడా చాలా చిన్నదిగా ఉందో లేదో చూడు. ఒక్క మెట్టు మారిస్తే పది సెకన్లు తేడా వచ్చే గ్రైండర్ ఎస్ప్రెసోకి పనికిరాదు.

గింజల సంచీ మీద వేయించిన తేదీ లేకపోతే కొనకు. మన అరకు అరబికా మీడియం రోస్ట్‌తో మొదలుపెట్టు. వేయించిన వారం పది రోజులకి లోపలి గ్యాస్ కొంత పోయి కుదురుకుంటాయి. నల్లగా మాడి నూనె కారే గింజలు పళ్ళకి అంటుకుంటాయి. చికోరీ కలిపిన ఫిల్టర్ పొడి మాత్రం ఇందులో పొయ్యకు.

ఇక అసలు పని. 18 గ్రాములు తూచు. చెంచా లెక్క కాదు, తూకమే. కప్పులో 36 గ్రాములు దిగాలి, బటన్ నొక్కినప్పటి నుంచి 25-30 సెకన్లలో. మొదటి ఏడెనిమిది సెకన్లు ఏమీ రాదు, కంగారుపడకు. తర్వాత చుక్కలు, ఆ చుక్కలు కలిసి లేతపాకంలా సన్నటి తీగ. పదిహేను సెకన్లకే అయిపోయి పుల్లగా ఉంటే ఇంకా సన్నం చెయ్యి. నలభై దాటి గొంతులో చేదు నిలబడితే కాస్త బరక చెయ్యి. గ్రాములు ముట్టుకోకు, గ్రైండర్ మెట్టు ఒక్కటే మార్చు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది కుదిరిందో నీకే తెలియదు. నేనైతే పాలలెక్క రాసే క్యాలెండర్ గడిలోనే '14వ మెట్టు, 29' అని రాసుకుంటాను.

మీ అమ్మమ్మ బల్లకి బిగించిన మరలో గింజలు పోసి తిప్పేది. రెండు తిప్పులకోసారి చిటికెడు తీసి బొటనవేలితో రుద్ది చూసేది. నువ్వూ రుద్ది చూడు. టేబుల్ ఉప్పు కంటే మెత్తగా ఉండాలి, చిటికెలో కాస్త ముద్దకట్టాలి, కానీ మైదాలా జారిపోకూడదు, వేలికి కొంచెం గరుకు తెలియాలి.

మెట్టు మార్చాక మొదటి రెండు మూడు గ్రాములు పారబొయ్యి, లోపల పాత పొడి మిగిలి ఉంటుంది. మోటారుది కొంటే సన్నానికి మార్చేటప్పుడు తిరుగుతుండగానే మార్చు. గింజలు పోసేముందు తడిచెంచాతో ఒక్కసారి కలిపితే పొడి గోడలకి అంటుకోదు. పొడిని మిషన్ జల్లెడలో పోశాక ఉండలుంటే సన్నటి సూదితో కదిపి, సమంగా నొక్కు. ఎంత బలంగా నొక్కాలని టెన్షన్ పడకు, ఇక దిగనంత వరకూ నొక్కితే చాలు.

మిషన్‌తో వచ్చిన జల్లెళ్లలో అడుగున ఒకటే చిల్లు ఉన్నది పక్కన పెట్టెయ్. అది ఏ పొడి వేసినా నురగ చూపించి మోసం చేస్తుంది. గ్రైండర్‌ని బ్రష్‌తో దులుపు, మిక్సీకి వేసినట్టు బియ్యం వెయ్యకు. పిండి పళ్ళ సందుల్లో కూరుకుంటుంది.

ఓ నెలకి సంచీ అడుక్కి వచ్చేసరికి అదే మెట్టులో కాఫీ తొందరగా దిగుతుంది. గింజలు పాతబడ్డాయన్నమాట, ఓ మెట్టు సన్నం చెయ్యి. మా విశాఖలో వానాకాలం మొదలైతే మళ్ళీ లెక్క మారుతుంది, అది వేరే తలనొప్పి.

ఈసారి వీడియో వద్దు. ఎన్ని గ్రాములు వేశావు, ఎన్ని దిగాయి, ఎన్ని సెకన్లు, ఆ మూడు అంకెలు పంపు. జార్ మాత్రం మీ అమ్మ ఊరి నుంచి వచ్చేలోగా కడిగి ఎండబెట్టు. కాఫీ వాసనతో కొబ్బరిపచ్చడి చేసి నాకు ఫోన్ చేస్తుంది.

మీ మామయ్య