అమ్మలూ, నీ రెండో దారి గురించి

అమ్మలూ,

మొన్న రాత్రి నువ్వు పంపిన పొడుగాటి మెసేజ్ రెండుమూడు సార్లు చదివాను. ఫోన్లో మాట్లాడదామంటే నీ మీటింగుల మధ్య సగం మాటలు కొట్టుకుపోతాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

జీతం బాగుంది, టీమ్ మంచిది, ఎవరితోనూ పేచీ లేదు, అయినా "రేపు ఈ పని ఆగిపోతే లోకంలో ఎవరికీ ఏమీ తగ్గదు పెద్దమ్మా" అన్నావు. మీ అమ్మ దీన్ని ఆఫీసు అలసట అనుకుంటోంది. నాలుగు రోజులు సెలవు పెట్టి ఏ ఊటీకో వెళ్లొస్తే సర్దుకుంటుందని దాని ఆశ. నాకలా అనిపించలేదు. నీకిప్పుడు ముప్ఫై ఒకటి. అరవై దాకా పనిచేస్తావనుకుంటే ఇంకా ఇరవై తొమ్మిదేళ్లుంది. అన్నేళ్ల పగళ్లు ఎవరికివ్వాలని అడుగుతున్నావు. అడగాల్సిన వయసులోనే అడిగావు.

నువ్వు రాసిన జాబితా చూశాను. సేంద్రియ వ్యవసాయం, పాడేరు వైపు బడిలో టీచరు, వాతావరణ మార్పుల మీద పరిశోధన, ఏఐ ప్రమాదాల మీద పని. నాలుగూ మంచివే. కానీ అవి గుమ్మాలకు తగిలించిన బోర్డుల్లా ఉన్నాయి. పొద్దున తొమ్మిదింటికి లోపల కూర్చున్న మనిషి చేతులు ఏం చేస్తుంటాయో వాటిని చూస్తే తెలియదు. ఉద్యోగం పేరుతో మొదలుపెడితే ఊహ అక్కడే ఆగిపోతుంది. ముందు ఒక సమస్యను పట్టుకో. దాని వెనక ఎవరెవరు ఏం చేస్తున్నారో ఒక్కొక్కరినీ చూసుకుంటూ వెళ్లు.

బోదకాలు తీసుకుందాం. మా అమ్మమ్మగారి వీధిలో ఆ కాలితో ఒకావిడ ఉండేది. ఎండాకాలమైనా చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కుని అరుగు మీద కూర్చునేది. ఆ జబ్బుకి మందు కనిపెట్టిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కుర్రతనంలో సన్యాసం పుచ్చుకోవాలనుకున్న మనిషి. అన్నదమ్ములిద్దరు జబ్బుచేసి పోయారు. మద్రాసులో వైద్యం చదివారు. అమెరికా వెళ్లి చివరికి లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించారు. 1940లలో అక్కడి నుంచి వచ్చిన మందే హెట్రజాన్. ఇవాళ మన ఊళ్లలో డీఈసీ మాత్రలని ఇంటింటికీ తిరిగి ఇస్తున్నది అదే.

మందు వచ్చి ముప్పావు శతాబ్దం దాటింది. జబ్బు మన దేశంలో ఇంకా పోలేదు. ఎందుకో ఆలోచించావా? ఆ జబ్బు తెచ్చే క్రిములు రక్తంలో రాత్రిపూట ఎక్కువగా తిరుగుతాయి. కాబట్టి ఎవరో ఒకరు బాగా పొద్దుపోయాక తలుపులు తట్టి, నిద్రపోతున్నవాళ్లను లేపి, వేలి నుంచి రక్తపు చుక్క తీసుకోవాలి. ఇంకొకరు ఆ గాజు పలకల్ని మైక్రోస్కోపు కింద ఓపిగ్గా చూడాలి. ఏ వీధిలో ఎన్ని మాత్రలు కావాలో ఒకరు లెక్క వేయాలి. వయసును బట్టి మోతాదు మారుతుంది, గర్భిణులకి, రెండేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు, ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. ఇవన్నీ ఆశా కార్యకర్తకి గుర్తుండాలి. పైగా మాత్రలు చేతిలో పెట్టి వచ్చేస్తే సరిపోదు, ఎదురుగా మింగించాలి. "నాకేం జబ్బు లేదుగా, నేనెందుకు వేసుకోవాలి" అని జనం వాటిని కిటికీలో పెట్టేస్తారు. ఒంట్లో క్రిమి ఉన్నా ఏళ్ల తరబడి పైకి ఏమీ కనపడదని వాళ్లకి అర్థమయ్యేలా చెప్పే మనిషి కావాలి. ఇప్పటికే కాలు వాచినవాళ్లకి రోజూ సబ్బుతో కడిగి వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవడం నేర్పేవాళ్లు కావాలి.

ఇందులో నువ్వు ఎక్కడ నిలబడగలవు? సుబ్బారావుగారి పక్కనా, మైక్రోస్కోపు ముందా, లెక్కల దగ్గరా, కిటికీలో పెట్టిన మాత్ర దగ్గరా? నిజాయితీగా చెప్పుకో. మానవాళికి మేలు చేయాలనుకునే చదువుకున్న పిల్లలందరూ మొదటి మనిషి పక్కనే నిలబడాలనుకుంటారు. పని మాత్రం ఎక్కువసార్లు చివరి రెండు మూడు చేతుల దగ్గరే ఆగిపోతుంది. నా అనుభవంలో ఖాళీ చోట్లు అక్కడే ఎక్కువ కనిపించాయి.

ఇంకో మాట. నీకు పనికొచ్చే ఉద్యోగానికి ఇంకా పేరే పెట్టి ఉండకపోవచ్చు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. వేలమంది పోయారు, పదివేలని లెక్క చెప్పారు. ఆ రోజుల్లో మమ్మల్ని ఏమవుతారని అడిగితే డాక్టరు, ఇంజినీరు, బ్యాంకు అనేవాళ్లం. "తుఫాను రాకముందే ఊళ్లు ఖాళీ చేయిస్తా" అన్నవాళ్లు ఒక్కరూ లేరు. అలాంటి చదువే లేదు. విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది 2005లో. ఒడిశా తీరంలో 1999 సూపర్ సైక్లోన్‌కి పదివేల మంది దాకా పోతే, 2013లో ఫైలిన్ అదే తీరాన్ని తాకినప్పుడు పోయినవాళ్లు పదుల్లో ఉన్నారు. దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. ఈ తేడా తెచ్చినవాళ్లలో ఉపగ్రహాలు నడిపినవాళ్లున్నారు, షెల్టర్లు కట్టినవాళ్లున్నారు. గేదెల్ని వదిలి రానని భీష్మించుకున్న రైతు దగ్గర కూర్చుని, ఆ గేదెలకి కూడా దారి చూపించి అతన్ని కదిలించినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఉద్యోగాలు నా కాలేజీ రోజుల్లో ఎవరి ఊహలోనూ లేవు.

అందుకని నువ్వు 2045ని ఊహించు. నేను ఒకటి ఊహించి చూపిస్తాను. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకి వెయ్యిమందికి పైగా చనిపోయారు. అహ్మదాబాదు వాళ్లు అప్పటికే, 2013లో, ఎండల కోసం ప్రత్యేకంగా ఒక ప్రణాళిక రాసుకున్నారు. ఇది ముందుముందు తగ్గే బాధ కాదు. కాబట్టి 2045 నాటికి మండలానికొక వేసవి రక్షణ అధికారి ఉంటారనుకో. ఆ అమ్మాయి మే నెలలో పొద్దున్నే లేచి ముందు చూసేది రాత్రి ఉష్ణోగ్రత. రాత్రి చల్లబడకపోతే ఒళ్లు తేరుకోదు, మర్నాడు ముసలివాళ్లు పడిపోతారు. ఆరింటికల్లా ఇటుక బట్టీల వాళ్లకి, ఉపాధి పనుల మేస్త్రీలకి ఫోన్ చేసి పది తర్వాత పని ఆపమంటుంది. ఆపితే కూలి ఎవరిస్తారని వాళ్లడుగుతారు. దానికి ఆమె దగ్గర జవాబుండాలి, లేకపోతే ఆ ఫోన్ దండగ. రేకుల ఇళ్లలో ఒంటరిగా ఉండే వృద్ధుల జాబితా ఆమె చేతిలో ఉంటుంది. మధ్యాహ్నం కరెంటు పోతే ఎవర్ని ఎక్కడికి చేర్చాలో ముందే రాసి ఉంటుంది. సాయంత్రం ఆసుపత్రి లెక్కలు చూస్తుంది. నవంబరులో ఏం చేస్తుంది? పైకప్పులకి తెల్ల సున్నం వేయించడానికి డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. ఆమె ఏడాదిలో ఎక్కువ భాగం ఈ తిరుగుడే.

నీ నాలుగింటికీ ఇలా ఒక్కో పేజీ రాయి. వేసవి రోజొకటి, నవంబరు రోజొకటి. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరితో మాట్లాడతావు, ఏం చేత్తో పట్టుకుంటావు, ఎక్కడ విసుగొస్తుంది, సాయంత్రానికి ఏం తేలుతుంది, అన్నీ రాయి. నవంబరు పేజీ రాయలేకపోతే ఆ దారి నీకింకా తెలియదన్నమాట. ఆ పేజీ చదివాక కూడా వెళ్లాలనిపించే దారి ఏదైనా ఉంటే, దాన్ని పట్టుకో.

నేను విత్తన పరీక్షా కేంద్రంలో పని చేశానని నీకు తెలుసు గానీ అక్కడ ఏం చేసేదాన్నో ఎప్పుడూ అడగలేదు. కవరు మీద కోడ్ నంబరు తప్ప ఏమీ ఉండదు, ఏ కంపెనీదో, ఏ ఊరిదో మాకు తెలియకూడదు. నాలుగు వందల గింజలు లెక్కపెట్టి, నూరేసి చొప్పున తడి కాగితంలో వరసగా పేర్చి, చుట్టచుట్టి గదిలో పెడతాం. వేరుశనగకైతే ఐదో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి విప్పి చూస్తాం. మంచి మొలక, వంకర మొలక, చచ్చిన గింజ వేరు చేసి రాస్తాం. వేరుశనగకి నూటికి డెబ్భై మొలవాలి, వరికి ఎనభై. అరవై ఎనిమిది వస్తే అరవై ఎనిమిదే రాయాలి. జూన్ ముందు కవర్లు గుట్టలుగా వచ్చేవి. వేళ్ల చివర్లు కాగితం తడికి నానిపోయేవి. ఆ రిపోర్టు చూసి ఫలానా రైతు బాగుపడ్డాడని నాకెవరూ వచ్చి చెప్పలేదు. అప్పు చేసి కొన్న గింజ నేలలో కుళ్లిపోకుండా ఎక్కడో ఒక చేను నిలబడిందని నాకు తెలుసు. నాకది చాలింది. నీకు చాలుతుందా లేదా అన్నది ముందే తేల్చుకో. నీ పని ఫలితం నీ కళ్లతో చూసి తీరాలనుకునే స్వభావమైతే మనుషుల మధ్య చేసే పని ఎంచుకో. అందులో తప్పు లేదు.

పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ రకాలు లక్షకు పైగా భద్రపరిచారు. మైనస్ 20 డిగ్రీల గదుల్లో ఉంటాయి. వాటిని కూడా అప్పుడప్పుడూ తీసి మొలకెత్తించి చూడాలి, శక్తి తగ్గినవాటిని మళ్లీ పొలంలో పండించి కొత్త గింజ దాచాలి. ఇంకా పుట్టని పిల్లల కోసం చేసే పనంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే. ఎప్పుడో వచ్చే కరువుకో తెగులుకో తట్టుకునే గింజ ఆ గదిలోనే ఉండొచ్చు. అప్పటికి దాన్ని కాపాడినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నీ చేతిలో ఉన్న విద్య సంగతి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అంటే చిన్నచూపు చూడకు. ఒక వస్తువు ఎక్కడ విరుగుతుందో ముందే పసిగట్టడం నీకొచ్చు. నేను గింజలతో చేసిందీ దాదాపు అదే. చాలావరకు టీకాలు తయారైన చోటు నుంచి బిడ్డ భుజం దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మన దేశంలో ఈవిన్ అనే వ్యవస్థ నిల్వల్నీ, ఫ్రిజ్‌ల వేడినీ ఫోన్ల ద్వారా గమనిస్తుంది. అలాంటివాటిలో తప్పు దొరకబుచ్చుకునే మనిషి ఎంత అవసరమో ఆలోచించు. రేపు ఊళ్లో గర్భిణి తన బాధ ఫోన్‌కి తెలుగులో చెప్పుకుంటే యంత్రం సలహా ఇస్తుందంటున్నారు. శ్రీకాకుళం యాసలో "గాబరాగా ఉంది" అంటే అది గుండె బాధో భయమో ఆ యంత్రానికి తెలిసిందా లేదా అని పదివేల రకాలుగా అడిగి చూసేవాళ్లు ఎవరు? నువ్వు రాసిన ఏఐ ప్రమాదాల పని నీ దాకా వస్తే ఈ రూపంలోనే వస్తుందని నాకనిపిస్తోంది. దానికి నువ్వు మళ్లీ మొదటి నుంచి చదువుకోనక్కర్లేదు.

అలాగని ఇవాళే రాజీనామా పెట్టకు. ముందు ఆ పనిలో పదేళ్లు ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి కూర్చో. ఎందుకు చేరారని అడగొద్దు, అందరూ అందమైన జవాబే చెబుతారు. ఎప్పుడు మానేయాలనిపించిందో అడుగు. మీ పనిలో ఎవరూ చేయడానికి ముందుకు రానిదేమిటని అడుగు. ఆ తర్వాత సెలవులు కూడబెట్టుకుని ఆ పని చేసేవాళ్ల వెనక నాలుగు వారాలు తిరుగు, సహాయకురాలిగా, జీతం లేకుండా. పాడేరు బడి అనుకుంటే వానాకాలంలో వెళ్లు, అరకులో పూలు పూసే రోజుల్లో వద్దు.

డబ్బు సంగతి దాచుకోకుండా మాట్లాడుకుందాం. ఫ్లాట్ ఈఎంఐ ఇంకా ఉంది. జీతం సగానికి పడిపోయినా నడుస్తుందా అని లెక్క వేయడం కాదు, ఒక ఆరు నెలలు నిజంగా సగం జీతంతో బతికి చూడు. మిగతా సగం ఆ అప్పుకి కట్టెయ్యి. ఏడాది ఖర్చులు విడిగా ఉంచుకున్నాకే కదులు. ఈ లెక్కలన్నీ అయ్యాక, ఉన్న ఉద్యోగంలోనే ఉండి ప్రతి నెలా కొంత మంచి పనికి పంపుతానంటావా, నా దృష్టిలో అది ఓడిపోయినట్టేం కాదు. నెల తిరిగేసరికి జీతాలు అందితేనే ఆ ఆశా కార్యకర్తలూ, ల్యాబ్ వాళ్లూ పనిలో నిలుస్తారు.

ఆలస్యమైపోయిందేమో అన్నావు. మదురైలో డాక్టర్ వెంకటస్వామిగారు ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై యాభై ఎనిమిదో ఏట, 1976లో, పదకొండు మంచాలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు తిరిగిపోయిన చేతులవి. ఇక హరిత విప్లవం శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్‌గారు ఐపీఎస్‌కి ఎంపికై కూడా దాన్ని వదిలి మొక్కల జన్యుశాస్త్రం వైపు వెళ్లారు. బెంగాల్ కరువు చూసిన తరం అది. ఆ రోజుల్లో వాళ్లింట్లో కూడా ఎవరో ఒకరు బెంగపడే ఉంటారు.

మీ అమ్మ టెన్షన్ ఆ బెంగే. సంబంధాలు చూస్తున్న టైంలో అమ్మాయి ఉద్యోగం మానేసిందంటే ఏం చెప్పాలని దాని గోల. దాన్ని కసురుకోకు. నువ్వు చేయబోయే పని ఏమిటో దానికి అర్థమయ్యే మాటల్లో ఒక్కసారి చెప్పు, ఆ రోజు పేజీ చదివి వినిపించు. నీ దారి ఇష్టపడని సంబంధం ముందే తప్పిపోవడం నీకు మంచిదేనని నేను దానికి చెబుతాను, ఆ భారం నాకు వదిలెయ్.

దసరాకి వచ్చేటప్పుడు ఆ పేజీలు పట్టుకురా. ఇక్కడ మా వీధి చివర, బోదకాలు చూసే ఫైలేరియా విభాగంలో చేసి రిటైరైన ఆయన ఉన్నారు. రాత్రి రక్తపరీక్షల రోజుల గురించి అడిగితే పొద్దుపోయేదాకా చెబుతారు. ఆదివారం సాయంత్రం రమ్మని చెప్పి ఉంచాను. పెదనాన్న నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ