సముద్రంలో కయాక్, కొండ నదిలో కయాక్: మా అబ్బాయిని దేనికి పంపాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. డిసెంబర్‌లో స్నేహితులతో కలిసి కయాక్ (తెడ్డు వేసి నడిపే సన్నటి చిన్న పడవ) నేర్చుకోవడానికి వెళ్తానంటున్నాడు. గోవా సముద్రమా, ఋషికేశ్ గంగా అన్నది ఇంకా తేల్చుకోలేదు. నది వీడియోలు చూస్తే నాకు గుండె దడ. సముద్రమైతే నిదానంగా ఉంటుంది కదా, అక్కడికే వెళ్లమని చెప్పనా? వాడు చిన్నప్పటి నుంచి మా పొలం బావిలో ఈత కొట్టినవాడే.
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన మాట ‘నిదానంగా’ అన్నది. నేను కృష్ణ ఒడ్డున సోమశిలలో, పుట్టి అనే గుండ్రటి పడవ నడిపేవాళ్ల ఇంట్లో పెరిగాను. తర్వాత తొమ్మిదేళ్లు ఋషికేశ్‌లో రాఫ్టు నడిపాను, ఆరేళ్లు గోవాలో కయాక్ నేర్పాను. రెండు చోట్లా మనుషులను నీళ్లలోంచి లాగాను.

నదిలో ఏదైనా జరిగితే సెకన్లలో జరుగుతుంది. ప్రవాహం వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. ఒకసారి ఓ చిన్న పాయలో కయాక్ బోల్తా పడి, కుర్రాడు కాళ్లకు నేల తగలగానే లేచి నిలబడ్డాడు. తొడ లోతు నీళ్లే. పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది, వెనక నుంచి వచ్చే నీళ్లు అతన్ని ముందుకు వంచి ముంచేశాయి. రెండు వైపుల నుంచి తాడు అడ్డంగా పట్టి అతని ఛాతీని పైకెత్తి ఉంచాం, ఇంకొకరు కాలు విడిపించారు. గట్టు పది అడుగుల దూరంలోనే ఉంది. అందుకే పారే నీళ్లలో పడితే నిలబడకూడదు. వెల్లకిలా తేలుతూ, పాదాలు దిగువ వైపు పెట్టి, నీటిపైకి ఎత్తి ఉంచాలి. కొట్టుకొచ్చి అడ్డం పడ్డ చెట్టు కూడా అంతే ప్రమాదం. కొమ్మల సందుల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి మాత్రం జల్లెడలో నూక ఆగినట్టు ఆగిపోతాడు.

ఇదంతా ఎక్కడో హిమాలయాల సంగతి అనుకోకండి. మన దుందుభి వాగు మీద చెక్‌డ్యాంలు చూసే ఉంటారు. వానాకాలంలో మత్తడి దుంకుతుంటే పిల్లలు కిందికి దిగి ఆడుకుంటారు. పైనుంచి పడిన నీళ్లు అడుగుకు పోయి, పైకి లేచి, మళ్లీ గోడ వైపే తిరుగుతాయి. అందులో చిక్కినవాణ్ణి గోడ దగ్గరికి లాగి ముంచుతాయి, తేలుస్తాయి, మళ్లీ లాగుతాయి. నదిలో బండ వెనక ఇలాంటి చోటు ఉన్నా పక్కకు తప్పుకునే దారి దొరకవచ్చు. చెక్‌డ్యాం గోడ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే తీరుగా ఉంటుంది, ఇక పక్క దారి ఎక్కడిది? గంగలో నేను దాటిన ఏ సుడి కన్నా నాకు దానికే భయం ఎక్కువ. మీ ఊరి పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఇక సముద్రం. అక్కడ మనిషిని ఒడ్డుకు దూరం చేసేది గాలి. నేల మీద నుంచి సముద్రం వైపు గాలి వీస్తున్నప్పుడు ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉంటాయి. గోవాలో తెల్లవారుజామున తరచూ ఇదే పరిస్థితి. లోపలికి పోయేకొద్దీ అలలు పెరుగుతాయి, తిరిగి వద్దామంటే గాలి ఎదురు. ఒక ఉదయం ఇద్దరు కొత్తవాళ్లు కబుర్లలో పడి ఇరవై నిమిషాల్లో అర కిలోమీటరు లోపలికి పోయారు. తాడు కట్టి లాక్కురావడానికి నాకు గంట పైనే పట్టింది.

1993 మార్చి 22న ఇంగ్లండ్‌లోని లైమ్ బేలో ఎనిమిది మంది విద్యార్థులు, ఒక టీచరు, ఇద్దరు శిక్షకులు కయాక్‌లలో బయల్దేరారు. పోవలసింది ఒడ్డు వెంట కొద్ది కిలోమీటర్లే. గాలి లోపలికి నెట్టింది, పడవల్లో నీళ్లు నిండాయి, సాయం చేరేసరికి గంటలు గడిచాయి. చల్లటి నీళ్లలో నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత 1995లో అక్కడ పిల్లల సాహస కేంద్రాల భద్రతకు ప్రత్యేక చట్టం తెచ్చారు. నది నుంచి సముద్రానికి వచ్చే ప్రతి కొత్త గైడుకూ నేను ఈ సంగతి చెప్పేవాణ్ణి. నదిలో ఆరితేరినవాళ్లు కూడా గాలిని లెక్కచేయరు.

ఒకే వస్తువు ఒకచోట కాపాడి ఇంకోచోట చంపుతుంది కూడా. నిలబడి తెడ్డు వేసే పలకకు కాలి మడమ దగ్గర తాడు కడతారు. సముద్రంలో అది పలక దూరం పోకుండా ఆపుతుంది. అదే తాడు పారే నదిలో కొమ్మకు చిక్కుకుంటే మనిషి నీళ్ల కిందే ఉండిపోతాడు.

బావిలో ఈత గురించి: నీళ్లంటే బెదరడు, అది మంచిదే. కానీ బావి నీళ్లు కదలవు, అంచు నాలుగు బారల్లో దొరుకుతుంది. ఆ ధైర్యంతో లైఫ్ జాకెట్ విప్పే కుర్రాళ్లను చాలామందిని చూశాను.

డిసెంబర్ అంటున్నారు కాబట్టి గోవాకే పంపండి. అప్పుడు గంగ నీళ్లు బాగా చల్లగా ఉంటాయి. అంత చలిలో హఠాత్తుగా పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, నేర్చుకునేవాడికి అది మంచి చోటు కాదు. గోవాలో కూడా మొదటి రెండు రోజులు పెద్దగా ప్రవాహం లేని నది పాయలోనే నేర్చుకోవాలి. బోల్తా పడిన కయాక్‌లోంచి బయటపడటం, మళ్లీ ఎక్కడం, ఇంకొకరిని ఎక్కించడం వచ్చాకే సముద్రం. శిక్షకుడిని ‘ఈరోజు గాలి ఎటు వీస్తోంది, ఎప్పుడు మారుతుంది?’ అని అడగమనండి. వెంటనే జవాబు చెప్పలేకపోతే ఆ రోజు నీళ్లలోకి దిగొద్దు. అలల సూచన ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని దేశం మొత్తానికీ అలల ఎత్తు చెబుతారు. బయల్దేరే ముందు అది చూడటం అలవాటు చేసుకోమనండి.

ప్రశ్న: సోమశిలలో పుట్టిలో కాసేపు తిరగడానికి కూడా లైఫ్ జాకెట్ కావాలా?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: కావాలి. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే ఆ వెడల్పు నీళ్లలో అలలు సముద్రంలాగే లేస్తాయి. పుట్టి గుండ్రంగా ఉంటుంది కాబట్టి గాలికి ఎదురు నడపడం చాలా కష్టం. జాకెట్ తొడుక్కుని బెల్టులన్నీ బిగించండి. తర్వాత పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. గడ్డం దాటి పైకి వస్తే అది మీ సైజు కాదు, ఒడ్డున ఉండగానే మార్చుకోండి.