ఎండలో నీటి నుంచి హైడ్రోజన్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పెయింట్లలో వాడే టైటానియం డయాక్సైడ్ పొడి 100 మిల్లీగ్రాములు 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, గాజు సీసాలో మధ్యాహ్నమంతా ఎండలో పెట్టాం. నాలుగైదు బుడగలు వచ్చాయి. పుల్ల గీసి చూపిస్తే అంటుకోలేదు. పొరపాటెక్కడ?
— డిగ్రీ అధ్యాపకుడు, తెనాలి

జవాబు: ఆ బుడగలు ఎండకు నీళ్లు వేడెక్కి బయటికొచ్చిన గాలి. సీసాలో తప్పులేదు, పొడిలో ఉంది. పెయింట్ల రకం కణాలకు అల్యూమినా, సిలికా పూత పూస్తారు. ఎండకు రంగు సున్నంలా రాలిపోకుండా, అంటే మీకు కావలసిన చర్యే జరగకుండా! పూతలేని అనటేజ్ (టైటానియం డయాక్సైడ్ స్ఫటిక రూపాల్లో ఒకటి) రకం లేదా 'పి25' పేరుతో దొరికే పూతలేని పొడి తీసుకోండి.

అదొక్కటే చాలదు. కాంతికి పుట్టిన ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) నీటిని తాకేలోపే మళ్లీ కలిసిపోతాయి. 1972లో ఫుజిషిమా, హోండా ప్లాటినాన్ని వేరే ఎలక్ట్రోడ్‌గా పెట్టి వాటిని విడదీశారు. పొడి విషయంలో ప్లాటినాన్ని కణం మీదే నిలపాలి.

80 మి.లీ. నీరు, 20 మి.లీ. మిథనాల్, 100 మి.గ్రా. పొడి కలపండి. లీటరుకు 10 గ్రాముల క్లోరోప్లాటినిక్ ఆమ్ల ద్రావణం 0.13 మి.లీ. వేస్తే ప్లాటినం పొడి బరువులో అర శాతం అవుతుంది. అరగంట నైట్రోజన్ పంపి, మాగ్నెటిక్ స్టిర్రర్ మీద కలుపుతూ ఎండ చూపండి. తెల్ల పొడి లేత బూడిద రంగుకు తిరిగితే ప్లాటినం నిలిచినట్టే. సీసాను బిగించేయకండి, గొట్టం ద్వారా వాయువును నీళ్లు నింపి బోర్లించిన పాత్రలోకి పట్టండి. మిథనాల్ విషం, దాని ఆవిరీ మండుతుంది. సీసా దగ్గర పుల్ల గీయవద్దు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి.

ఎంతొస్తుంది? ఈ పొడికి 387 నానోమీటర్ల లోపు కాంతే పనికొస్తుంది. 100 చదరపు సెంటీమీటర్ల ఎండలో అది సుమారు 0.4 వాట్లు. ఒక్క ఫోటాన్ వృథా కాకున్నా గంటకు దాదాపు 50 మి.లీ. హైడ్రోజనే. మీకు నాలుగైదు మి.లీ. వచ్చినా ప్రయోగం బాగా కుదిరినట్టే.

ఒక్క మాట విద్యార్థులకు తప్పక చెప్పండి: ఇక్కడ హోల్స్‌ను మింగేది మిథనాల్, అది ఖర్చయిపోతుంది. దీన్ని 'నీటి నుంచి ఇంధనం' అనడం సరికాదు. అలాగని మిథనాల్ మానేస్తే హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకే సీసాలో కలిసి వస్తాయి. అది పేలే మిశ్రమం, కాలేజీ ల్యాబులో వద్దు.

ప్రశ్న: పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానిదీ ఇదే పద్ధతా?
— విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: కాదు, అక్కడిది విద్యుద్విశ్లేషణ, అంటే కరెంటుతో నీటిని విడగొట్టడం. కాంతి పద్ధతి సామర్థ్యం దానికంటే చాలా తక్కువ. జపాన్‌లో శాస్త్రవేత్త డొమెన్ బృందం 100 చదరపు మీటర్లలో పరిచిన ఉత్ప్రేరక పలకలు ఎండలోని శక్తిలో గరిష్ఠంగా 0.76 శాతాన్నే హైడ్రోజన్‌గా మార్చాయి. 20 శాతం సామర్థ్యమున్న సౌర ఫలకానికి 65 శాతం సామర్థ్యమున్న ఎలక్ట్రోలైజర్ (విద్యుద్విశ్లేషణ యంత్రం) తోడైతే 13 శాతం దక్కుతుంది.