నాలుగు వార్డుల ఆరోగ్య ప్రణాళిక రాయబోతున్న అమ్మాయికి

విశాఖపట్నం

చి. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నాలుగు వార్డులకు ఆరోగ్య ప్రణాళిక రాసే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఆ నాలుగింట్లో బీచ్ రోడ్డు వైపు అపార్టుమెంట్లున్నాయి, చేపలు పట్టేవాళ్ళుండే జాలారిపేట ఉంది, మెట్లెక్కి పోవాల్సిన కొండవాలు ఇళ్ళూ ఉన్నాయి. అందరికీ దిక్కు ఒకటే పట్టణ ఆరోగ్య కేంద్రం అయినా, అందరి ఆరోగ్యం ఒకలా లేదు. ఆ తేడా తగ్గించే ప్రణాళిక రాయి. మొత్తం మీద అంకె పెరిగితే చాలనేవాళ్ళు నీకు చాలామంది ఎదురవుతారు. వాళ్ళ మాట మీద నడవకు.

ముందు సగటును విడగొట్టు. ఒక వార్డు సచివాలయం పరిధిలో ఏడాది నిండిన పిల్లలు 80 మంది ఉన్నారనుకో, టీకాలన్నీ పడ్డవాళ్ళు 76. పక్క సచివాలయంలో 40 మందికి 24. రెండూ కలిపితే 120కి 100, అంటే 83 శాతం. నివేదికలో ఈ 83 చూసి ఎవరూ నిన్ను ప్రశ్నించరు. విడగొడితే ఒకచోట 95, ఇంకోచోట 60. టీకాలు పూర్తికాని 20 మందిలో 16 మంది ఒకే చోట ఉన్నారు. తట్టు వచ్చిందంటే అంటుకునేది అక్కడే. అందుకే గర్భిణుల రిజిస్టరు, టీకాల డ్యూ లిస్టు (టీకా పడాల్సిన పిల్లల జాబితా), టీబీ రిజిస్టరు, బీపీ-షుగరు మందుల రిజిస్టరు, ఈ నాలుగింటినీ ముందు సచివాలయాల వారీగా, తర్వాత వీధుల వారీగా విడదీయించు. ఒక జాగ్రత్త. వీధి దాకా దిగేసరికి అంకెలు చిన్నవైపోతాయి. ఐదుగురు పిల్లలున్న వీధిలో ఒక్కరు తప్పితే 20 శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది. అలాంటి చోట శాతాలు రాయకు, మనుషుల సంఖ్య రాయి, రెండు మూడేళ్ళ లెక్క కలిపి చూడు.

రిజిస్టరులో లేనివాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. రేషన్ కార్డు సొంతూళ్ళో ఉండి ఇక్కడ అద్దెకుంటున్నవాళ్ళు, ఒడిశా నుంచి వచ్చి భవనాల పనుల దగ్గర రేకుల షెడ్లలో ఉంటున్న కూలీలు, బోట్ల మీదే పడుకునే కళాసీలు (బోటు కూలీలు) సచివాలయం జాబితాలో దొరకరు. ఆరోగ్య కేంద్రం నర్సు ఏఎన్ఎమ్‌నీ, ఆ పేటలోనే ఉండే ఆశా కార్యకర్తనీ వెంటబెట్టుకుని గడప గడపా లెక్కపెట్టించు. 'కార్డు ఉందా' అని మొదలుపెట్టొద్దని వాళ్ళకి గట్టిగా చెప్పు. ఆ ప్రశ్న వినగానే తలుపు మూసుకుంటుంది. 'ఈ ఇంట్లో రాత్రి ఎంతమంది పడుకున్నారు' అని అడిగితే నిజం తెలుస్తుంది. ఒడియా మాత్రమే వచ్చినవాళ్ళుండే చోటికి ఒడియా వచ్చిన మనిషిని పంపు.

తర్వాత, జనం ఎందుకు రావడంలేదో కాలినడకన తెలుసుకో. కొండ పైనున్న చివరి ఇంటి నుంచి ఆరోగ్య కేంద్రం దాకా నడువు. మెట్లు లెక్కపెట్టు, టైం చూసుకో, ఆటో ఛార్జీ రాసుకో, ఆ పూట పోయే కూలి రాసుకో. ఉచిత ఓపీకి అసలు ఖర్చు అది. ఎనిమిదో నెల గర్భిణి ఆ మెట్లు దిగి ఎక్కుతుందా అని నిన్ను నువ్వే అడుగు. ఎక్కదు అనిపిస్తే వారానికో రోజు పరీక్షలు కొండ మీదే పెట్టాలి. అంగన్‌వాడీ గది చాలు. బీపీ మిషను, హిమోగ్లోబిన్ మీటరు, తూకం, మూత్ర పరీక్ష స్ట్రిప్పులు, నెలకు సరిపడా మాత్రలు తీసుకెళ్ళాలి. హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువున్న గర్భిణికి చీటీ రాసిచ్చి పంపేయొద్దు, బండి ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాలి.

జాలారిపేటకు వేరే క్యాలెండరు కావాలి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. మిగతా ఏడాదంతా రోజుల తరబడి సముద్రం మీదుండే మగవాళ్ళు అప్పుడు ఒడ్డునే దొరుకుతారు. బీపీ, షుగరు, టీబీకి కఫం పరీక్షలన్నీ ఆ రెండు నెలల్లో పెట్టు. జూన్‌లో వేటకెళ్ళే ముందు, బోటు ఎన్ని రోజులకు తిరిగొస్తుందో బోటు నడిపే సరంగుని అడిగి, అన్ని రోజులకీ ఇంకో వారానికీ కలిపి మాత్రలు చేతికివ్వాలి. ఆడవాళ్ళది వేరే లెక్క. తెల్లవారకముందే హార్బరులో చేపలు కొని ఊళ్ళోకి అమ్మకానికి పోతారు. వాళ్ళు వైద్యం చేయించుకోగలిగేది సాయంత్రమే, కాబట్టి సాయంత్రం ఓపీ ఉండాలి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు, ఎందుకంటే ఆరోగ్య శాఖ వాళ్ళు 'ఇది మా పని కాదు' అని వదిలేసేది ఇక్కడే. పై ఇళ్ళకు ప్రెషరు చాలక నీళ్ళు రోజు విడిచి రోజు వస్తే జనం డ్రమ్ముల్లో పట్టుకుంటారు. డెంగీ దోమ పెరిగేది ఆ మంచినీళ్ళలోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని డ్రమ్ము పారబోయమంటే, రేపటికి నీళ్ళు లేనివాళ్ళు ఎలా పారబోస్తారు? వాళ్ళకి జరిమానా వేయడం అన్యాయం. నీళ్ళు ఏ రోజు ఏ టైముకి వస్తాయో ఖాయంగా ఉంటే నిల్వ తగ్గుతుంది. ఇంజనీరింగ్ విభాగానికి అదే రాయి. ఈలోపు డ్రమ్ముకి మూత, లేదా గుడ్డ వేసి తాడుతో బిగింపు. నీళ్ళు అడుగంటిన రోజున లోపలి గోడలు పీచుతో రుద్ది కడగాలి. గుడ్లు గోడకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతుకుతాయి. ఒట్టినే నీళ్ళు తిప్పి పారబోస్తే పోవు.

క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గర చేసి సరే అనేస్తారు. పైపు లైనులో ఆఖరి కుళాయి దగ్గర చేయించు. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. నీళ్ళు ఆగిన గంటల్లో పైపు ఖాళీ అయి, ఎక్కడైనా పగులుంటే పక్క కాలవలోని మురుగును లోపలికి లాక్కుంటుంది. అందుకే కొండ మీద పేటల్లోనూ గెడ్డల (వాగుల) పక్కన ఇళ్ళల్లోనూ విరేచనాలు ఎక్కువ. వారంలో మూడు విరేచనాల కేసులు ఒకే వీధి నుంచి వస్తే, మందులిస్తూనే అదే రోజు ఆ లైను తనిఖీకి కబురు పెట్టు.

దుమ్ము గురించి క్లుప్తంగా చెబుతాను. జ్ఞానాపురం, మల్కాపురం లాంటి చోట్ల ఆయాసం రోగుల చిరునామాలను నెలనెలా మ్యాపు మీద చుక్కలుగా పెట్టి కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. 2019లో మొదలైన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమంలో మన ఊరుంది, అడగడానికి దారుంది. మీ వార్డుల్లోనూ అలాంటి వీధులుంటే ఇదే చెయ్యి.

టీబీ రోగికి పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, 2024 నవంబరు ముందు 500 ఉండేవి. ఖాతాకి ఆధార్ లింకు లేక ఆగిపోయేది సరిగ్గా కూలీలకే. మందు మొదలుపెట్టిన రోజే ఖాతా కాగితాలు చూడమని చెప్పు. ఆరు నెలల మందులో రెండో నెలకి ఒంట్లో బాగుందని పనికి పోయి మానేస్తారు. సొంతూరు వెళ్ళేవాళ్ళకి అక్కడి కేంద్రానికి బదిలీ రాసి, ఫోను చేసి, చేరారని తెలిసేదాకా మీ జాబితాలోంచి పేరు తీయొద్దు.

డబ్బు దగ్గర నీకు గట్టి వాదన ఎదురవుతుంది. నాలుగు వార్డులకీ సమానంగా పంచడమే న్యాయం అంటారు. కొండ ప్రాంతంలో 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), మైదానంలో 30 వేల మందికి ఒకటి అన్న లెక్క ప్రభుత్వమే ఎప్పుడో పెట్టింది, చేరడం కష్టమైన చోట ఎక్కువ ఇవ్వాలనే కదా. పట్టణానికి వచ్చేసరికి 50 వేలకు ఒకటి అన్నారు. విశాఖలో పట్టణమూ కొండే అన్నది ఆ లెక్కకి అందలేదు. ఇది ఫైల్లో రాయి. కోటి రూపాయలుంటే 50 లక్షలు జనాభాను బట్టి, 30 లక్షలు వెనకబాటును బట్టి, 20 లక్షలు ఎక్కి దిగే కష్టాన్ని బట్టి పంచమని నా సలహా. వెనకబాటుకి కొలతలు నాలుగు చాలు: 12 వారాల లోపు నమోదుకాని గర్భిణులు, టీకాలు పూర్తికాని పిల్లలు, మధ్యలో మానేసిన టీబీ రోగులు, మందు వాడుతున్నా బీపీ 140/90 లోపుకి రానివాళ్ళు. అయితే ఎక్కువ డబ్బిచ్చిన చోట ఏఎన్ఎమ్ పోస్టు ఖాళీగా ఉంటే ఆ డబ్బు మార్చి నెలాఖరుకి మురిగిపోతుంది, వచ్చే ఏడాది 'వాళ్ళకి అక్కర్లేదు' అంటారు. కాబట్టి ముందు మనుషుల్ని వేయించు, తర్వాత డబ్బు అడుగు.

బీచ్ రోడ్డులో పొద్దున్నే బీపీ శిబిరం పెడితే గంటలో వంద మంది వస్తారు, ఫొటోలు బాగుంటాయి. వచ్చేది నడకకు తీరికున్నవాళ్ళు. వాళ్ళకీ పరీక్ష కావాలి, కాదనను. కానీ ఆ వందని లక్ష్యంలో కలిపితే పేటకు వెళ్ళాల్సిన కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. 1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వేల్స్ డాక్టరు రాసింది ఇదే, అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువ దొరుకుతుందని. అందుకే 'మొత్తం 90 శాతం' అని లక్ష్యం పెట్టకు. అలా పెడితే దగ్గరి ఇళ్ళతోనే అంకె నింపేస్తారు, అది వాళ్ళ తప్పు కాదు, లక్ష్యం అలా ఉంది. 'ఏ సచివాలయమూ 80 శాతానికి తగ్గకూడదు' అని పెట్టు.

మూడు నెలలకోసారి అంకెల్లో అన్నిటికన్నా పైనున్న సచివాలయానికీ కిందున్నదానికీ మధ్య తేడా ఎంతో ఒక కాగితం మీద రాసి, పేటల్లోని ఆడవాళ్ళతో ఏర్పడిన మహిళా ఆరోగ్య సమితి సమావేశంలో చదివి వినిపించు. ఎందుకు రాలేకపోయారో వాళ్ళనే అడుగు, వాళ్ళ మాటల్లోనే రాసుకో. సమితికి ఏడాదికి వచ్చే 5,000 రూపాయలు ఎలా వాడాలో వాళ్ళనే తేల్చుకోనివ్వు. డ్రమ్ముల మూతలకి పెడతామన్నా సరే.

లెక్క మొదలుపెట్టాక ఆ నాలుగు రిజిస్టర్ల నకళ్ళు పట్టుకుని ఒక ఆదివారం ఇంటికి రా. వీధుల వారీగా విడదీయడం ఇద్దరం కూర్చుని చేద్దాం. వచ్చేటప్పుడు వార్డు మ్యాపు పెద్ద సైజులో ప్రింటు తీయించుకురా, ఫోనులో చూస్తే కొండ వీధులు కనబడవు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న