ఇద్దరికీ ఐజీఈ పాజిటివ్, దద్దుర్లు మాత్రం అక్కకే: సమాధానం

వేరుశనగకు మీకూ అక్కకూ ఐజీఈ (అలర్జీకి సంబంధించిన ప్రతిరక్షకం) పరీక్ష పాజిటివ్ వచ్చింది, దద్దుర్లు మాత్రం అక్కకే, ల్యాబ్ తప్పా అని అడిగారు. ల్యాబ్ తప్పు కాకపోవచ్చు. ఒకే రిపోర్టు వచ్చినా వేరుశనగతో అక్కకు దద్దుర్లు రావడానికి, మీరు సంగటిలోకి ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) నంజుకుని హాయిగా ఉండడానికి ఒక ముఖ్య కారణం మాస్ట్ కణాల (అలర్జీ రసాయనాలను వదిలే కణాలు) తీరు.

1. ఐజీఈ ఆ కణాల మీది గ్రాహకాలకు అతుక్కుని ఉంటుంది. వేరుశనగ ప్రోటీన్ పక్కపక్క ఐజీఈలను కలిపితేనే దద్దుర్లు తెప్పించే హిస్టమిన్ అనే రసాయనం బయటపడుతుంది. లోపలి సంకేతం ఎంత బలంగా సాగుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది. అందులో జన్యువుల వాటా ఉంది, తోబుట్టువులకు సగటున సగమే ఉమ్మడి. 2000 నాటి అమెరికా అధ్యయనంలో కవలల్లో ఇద్దరికీ వేరుశనగ అలర్జీ ఉండడం ఒకే పిండం నుంచి పుట్టినవారిలో 64 శాతం, మిగతావారిలో 7 శాతం.

2. అందరూ వదిలేసేది ఇది: పాజిటివ్ అంటే ప్రతిరక్షకం తయారైందని మాత్రమే, అలర్జీ ఉందని కాదు. ఏం తిన్నారు, ఎంత, ఎన్ని నిమిషాలకు ఏమైంది? ఇది రాసి రిపోర్టుతో పాటు అలర్జీ వైద్యుడికి చూపండి. "ఏమీ కాలేదు" అన్నదీ రాయాలి, అదే మీ విషయంలో అసలు సాక్ష్యం. అనుమానముంటే ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఇప్పటిదాకా పడుతున్నదాన్ని కాగితం చూసి మానేయకండి, మానేస్తే ఉన్న సహనం పోవచ్చు.

3. అక్క మాత్రం పూర్తిగా మానాలి. అనంతపురంలో అది చెప్పినంత తేలిక కాదు, పొడులూ హోటల్ చట్నీలూ అడిగే తినాలి. ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా సెట్రిజిన్ అలర్జీ మాత్రతో సరిపెట్టకండి: తొడ కండరంలో అడ్రినలిన్, వెంటనే 108.

4. పిల్లలకు జన్యు పరీక్ష చేయించాలా అంటే, అక్కర్లేదు. దీన్ని తేల్చే ఒక్క జన్యువంటూ లేదు.